గేటు బయట సామాను

"ఫారం రాలేదమ్మా. ఫారం లేకుండా గేటు తియ్యడం కుదరదు."

అపార్టుమెంటు సెక్రటరీ గారు ఆ మాట అనడం అది మూడోసారి. మూడుసార్లూ ఒకే గొంతు, ఒకే చిరునవ్వు. ఆఫీసుగది గాజుతలుపు సగం తెరిచి, లోపలి చల్లగాలి బయటికి పోకుండా ఒంటిని అడ్డం పెట్టి మాట్లాడుతున్నారాయన. ఎదురుగా మెట్ల మీద సిస్టరు నిలబడి ఉంది. ఆవిడ వెనక గేటు. గేటు బయట లారీ. లారీలో పదహారేళ్ళ కాపురం.

మంచాలు, బీరువా, గిన్నెల మూటలు, తాళ్ళతో బిగించిన పరుపులు అన్నీ ఎండలో మాడుతున్నాయి. బీరువా మీద చెయ్యి వేస్తే చర్మం ఊడొచ్చేలా ఉంది.

"మా ఆస్పత్రి ఉత్తరం పోయిన నెలే మీకు అందింది కదండీ," అంది సిస్టరు. "నాలుగో అంతస్తు ఫ్లాటు డయాలసిస్ ఇన్‌చార్జి కోసమని అందులో రాశారు. ఆ ఇన్‌చార్జిని నేనే."

"అందలేదన్నానా? ఉత్తరం ఆస్పత్రిది. ఫారం మీది. ఇంట్లో ఎవరెవరుంటారు, ఏమేం చేస్తారు, అంతా రాసి మూడు రోజుల ముందు ఇవ్వాలి. ఈ నియమం నేను పెట్టింది కాదు." ఆయన గోడగడియారం వైపు చూశారు. "పదకొండూ ఇరవై. సామాను ఎక్కించడానికి పన్నెండు దాకానే టైము. పన్నెండు దాటితే మళ్ళీ నాలుగింటికే. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చే వేళ కదా."

"ఫారం సోమవారమే ఇచ్చామండీ."

"ఎవరికిచ్చారు?"

సిస్టరు వెనక్కి తిరిగింది. లారీ పక్కన ఆమె భర్త, అప్పటికే బిగుసుకుని ఉన్న తాడుని మళ్ళీ బిగిస్తున్నాడు.

పన్నెండేళ్ళుగా ఈ భవనంలో లిఫ్టులు చూసే మెకానిక్ అతనే. నెలకి రెండుసార్లు వెనకగేట్లోంచి వస్తాడు, వెనకగేట్లోంచే పోతాడు. ఫారం ఇచ్చే పని ఎవరిదని ఇంట్లో మాటొచ్చినప్పుడు, "నాకు తెలిసిన చోటేగా, నేనిచ్చేస్తాలే" అన్నదీ అతనే.

"ఏమండీ, సోమవారం ఎవరి చేతికిచ్చారు?"

అతను తాడు వదల్లేదు.

అప్పుడే సెక్రటరీ గారి చూపు అతని మీద పడింది. "అరే, నువ్వొచ్చావా! సమయానికొచ్చావయ్యా. రెండో లిఫ్టు కీచుమంటోంది. రెండ్రోజుల్నుంచి మీ కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు. ఓసారి చూసిపో. వెనకనుంచి రా."

మెకానిక్ చెయ్యి పనిముట్ల సంచి వైపు దానంతటదే పోయింది.

"ఆయనకి ఈవేళ సెలవండీ," అంది సిస్టరు.

"ఇతను మీకు తెలుసా?"

"మా ఆయన."

సెక్రటరీ గారి చిరునవ్వు చెరిగిపోలేదు గానీ, ఎటు పోవాలో తెలియక మొహం మీదే ఓ పక్కకి ఒరిగింది.

"ఓ," అన్నారాయన. లారీ వైపు చూసి, "అలాగా," అన్నారు.

"ఐదు నిమిషాల్లో వస్తాం," అని సిస్టరు మెట్లు దిగింది.

లారీ ముందు సీట్లో అత్తగారు తడి తువ్వాలు నెత్తికి చుట్టుకుని మహారాణిలా కూర్చుని ఉంది. డ్రైవరు కింద నిలబడి బతిమాలుతున్నాడు.

"ఇంజను వేడి కొడుతోంది పెద్దమ్మా. దిగి ఆ చెట్టుకింద కూచోండి."

"గేటు బయట చెట్టుకింద కూచుంటే నన్నెవరనుకుంటారయ్యా? దిగితే ఇంట్లోకే దిగుతా. రోడ్డు మీదికి దిగను." కోడలు కనబడగానే గొంతు పెంచింది. "సిస్టరమ్మా! ఏమంటాడు ఆ గాజుతలుపాయన?"

ఆస్పత్రిలో రోగులకీ, పాత వీధిలో ఇరుగుపొరుగులకీ ఆవిడ సిస్టరు. చివరికి అత్తగారికీ సిస్టరమ్మే. ముద్దొచ్చినా అదే పిలుపు, కోపమొచ్చినా అదే పిలుపు.

"కాస్త ఓపిక పట్టండత్తయ్యా."

"నాకు ఓపికకేం తక్కువ? ఎండకే లేదు."

ఆ ఎండ కోసమే ఈ ప్రయాణమంతా. పోయిన ఎండాకాలం, మేడమీద రేకుల కప్పు కింద, ఉతికిన బట్టలు మడత పెడుతూ పెడుతూ ఈ అత్తగారే పక్కకి ఒరిగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కోడలి చెయ్యి పట్టుకుని "నువ్వెవరమ్మా?" అని అడిగింది. చంకల్లో ఐసుముక్కలు పెట్టి, ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోతూ సిస్టరు మొదటిసారి ఈ వీధిలోంచి వెళ్ళింది. రెండు పక్కలా పెద్ద చెట్లు. కొమ్మలు పైన కలుసుకుని, ఈ గేటు ముందు తప్ప రోడ్డు పొడుగునా నీడ. ఆటో ఇటు తిరగ్గానే గాలి మారింది. ఒళ్ళో ఉన్న ముసలావిడ కళ్ళు తెరిచింది.

సిస్టరు ఆ నిమిషంలోనే నిశ్చయించుకుంది. ఇంకో ఎండాకాలం ఆ రేకుల కింద గడిపేది లేదు. ఇన్‌చార్జి అయినవాళ్ళు పిలిచిన పది నిమిషాల్లో రావాలి కాబట్టి ఆస్పత్రే దగ్గర్లో ఇల్లిస్తుందని తెలుసుకుంది. రాత్రి డ్యూటీలు చేస్తూనే పరీక్షకు చదివింది. రాసింది. నెగ్గింది. ఇంత దూరం వచ్చాక ఒక ఫారం దగ్గర ఆగిపోతుందా?

లారీకీ ప్రహరీగోడకీ మధ్య మనిషి పట్టేంత నీడ ఉంది. భర్తని అక్కడికి పిలిచింది. వెనకాలే పదమూడేళ్ళ కూతురు కూడా వచ్చింది. సన్నగా, ఎప్పుడూ తల ఒక పక్కకి వంచి చూస్తుందని ఇంట్లో దాన్ని గువ్వ అంటారు.

"ఇవ్వలేదు కదూ?"

అతను చొక్కాజేబులో చెయ్యి పెట్టి నాలుగు మడతల కాగితం బయటికి తీశాడు. చెమటకి తడిసి, ఆరి, మళ్ళీ తడిసి, మడతల దగ్గర నలిగిపోయి ఉంది.

"వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగారా?"

"ఇద్దామనే వెళ్ళా. రెండుసార్లు. ఆ గాజుతలుపు దాకా వెళ్ళా."

"తలుపేమన్నా కరుస్తుందా?"

"నీకు తెలీదు."

"తెలీకే అడుగుతున్నా. చెప్పండి. అరగంటే ఉంది. అక్కడ అత్తయ్య ఉడికిపోతోంది."

"ముందు కాగితం చూడు."

సిస్టరు మడతలు విప్పింది. ఇంట్లో అందరికంటే చేతిరాత బాగుంటుందని ఫారం గువ్వ చేత రాయించారు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా, కింద సంతకం పెట్టేసింది తను. ఏం రాసి ఉందో చదవలేదు. ఇప్పుడు చదివింది. తన పేరు, తన ఉద్యోగం, అత్తగారి వయసు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 'భర్త వృత్తి' అన్న చోట గుండ్రటి అక్షరాలతో ఒకే మాట ఉంది.

ఇంజనీరు.

"ఇదేంటే?"

గువ్వ చెప్పు కొసతో నేల గీకుతోంది.

"నిన్నే అడిగేది."

"తప్పు రాశా."

"తప్పు రాశావా? కావాలని రాశావా?"

"దాన్నొదిలెయ్," అన్నాడు మెకానిక్.

"ఎలా వదిలెయ్యమంటారు? తండ్రి చేసే పని చెప్పుకోడానికి దీనికి నామోషీ అయితే..."

"దాని మీద అరవకన్నానా!" అతను గొంతు తగ్గించాడు. "కొట్టేసి, సరిగ్గా రాసి ఇచ్చేద్దామని పెన్ను కూడా తీశా. అంత అందంగా రాసిందాయె. కొట్టేస్తే నేను చూశానని దానికి తెలిసిపోతుంది. కొట్టెయ్యకుండా ఇస్తే అబద్ధమని వాళ్ళకి తెలిసిపోతుంది. ఎటూ పాలుపోక జేబులో పెట్టుకున్నా."

పైన పరుపుల కట్ట మీద కాకి వాలి, కాలు చురుక్కుమని ఎగిరిపోయింది.

"నామోషీపడి రాయలేదు నాన్నా," అంది గువ్వ నేలచూపులు చూస్తూనే.

"మరి?"

"ఐదో తరగతి సెలవుల్లో నన్నిక్కడికి తీసుకొచ్చావు గుర్తుందా? లిఫ్టు మిషను చూపిస్తానని. అప్పుడు ఈ సెక్రటరీ తాత నిన్ను 'ఏయ్, నువ్వు' అన్నాడు. వైర్లు చూడ్డానికి ఇంకో ఆయనొస్తే 'ఇంజనీరు గారూ, మీరు' అన్నాడు. ఆయన లిఫ్టెక్కి పోయాడు. మనం మెట్లెక్కి పోయాం, ఏడంతస్తులూ. ఇంజనీరని రాస్తే నిన్ను కూడా మీరంటారనుకున్నా."

మెకానిక్ దగ్గాడు. దగ్గొచ్చి కాదు.

"పిచ్చిదానా. పన్నెండేళ్ళుగా చూస్తున్నారే నన్ను. ఇంజనీరని రాసిస్తే గుర్తుపట్టరా? వాచ్‌మన్ పడీపడీ నవ్వడూ?"

"ఆ సంగతి తట్టలేదు," అంది గువ్వ. ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి వింత చప్పుడొకటి వచ్చింది.

కూతురి మీద కోపం ఎటో పోయింది గానీ, సిస్టరు గుండెలో ఇంకా ఏదో మిగిలే ఉంది. "మీరు నాతో చెప్పాల్సింది," అంది భర్తతో.

"చెప్తే ఏం చేసేదానివి?"

"వేరే ఫారం తెచ్చేదాన్ని."

"అదే మరి. నీకు అన్నిటికీ వేరే ఫారం ఉంటుంది." అతను గోడకి ఆనుకోబోయి, గోడ కాలడంతో వెనక్కి తగ్గాడు. "నువ్వు ఆస్పత్రి ఉత్తరం పట్టుకుని ముందుగేట్లోంచి వస్తావు. నేనేం పట్టుకుని రావాలి? నీ కొంగు పట్టుకుని రావాలా? పాతింట్లో రేకులు కాలితే కాలాయి. అక్కడ నేనెవరో అందరికీ తెలుసు."

"ఇక్కడా తెలుసుగా?"

"తెలుసు కాబట్టే."

సిస్టరు ఆ కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది.

"మీ గుసగుసలన్నీ నాకు వినబడుతున్నాయర్రా! అద్దం దించే ఉంది!" లారీలోంచి అత్తగారి గొంతు. "నన్ను మళ్ళీ ఆ రేకుల కిందికే తీసుకుపోయేట్టయితే చెప్పండి. ఇక్కడే దిగిపోతా. రోడ్డయినా ఫర్వాలేదు. ఈ రోడ్డుకి నీడన్నా ఉంది."

గొంతు గట్టిగానే ఉంది గానీ మాట చివర కాస్త ముద్దగా ఉంది. సిస్టరు చెవికి అది తెలుసు. ఒక్క అంగలో లారీ మెట్టెక్కి అత్తగారి మణికట్టు పట్టుకుంది. నాడి పరుగెడుతోంది. తువ్వాలు ఆరిపోయింది. నుదురు పొడిగా ఉంది. ఇందాకటి దాకా ధారగా కారిన చెమట ఆగిపోయింది. అది మంచిది కాదు.

"నా పేరేంటత్తయ్యా?"

"సిస్టరమ్మ. ఇంకా నాకు మతి పోలేదులే."

"గువ్వా, నీళ్ళసీసా పట్రా. తువ్వాలు తడిపి మెడకి చుట్టు. గుక్కెడు గుక్కెడు తాగించు." కిందికి దూకి భర్త చెయ్యి పట్టుకుంది. "పదండి. ముందునుంచే పోదాం."

ఆఫీసుగదిలో చల్లదనం ఒక్కసారిగా మొహానికి కొట్టింది. సెక్రటరీ గారి బల్ల మీద గాజుపలక, దాని కింద భవనం నక్షా.

"కొత్త ఫారం ఒకటివ్వండి," అంది సిస్టరు.

"ఇస్తానమ్మా. కానీ మూడు రోజుల ముందు..."

"మూడు రోజులు మా అత్తగారు లారీలో ఉండలేరు. ఆవిడకి వడదెబ్బ మొదలవుతోంది. నేను నర్సుని, ఊరికే చెప్పను. మీ గేటు ముందు ఓ పెద్దావిడ పడిపోతే అందుకు మీ దగ్గర ఏ ఫారముందో అది కూడా ఇవ్వండి. రెండూ ఒకేసారి నింపేస్తా."

సెక్రటరీ గారు సొరుగు తెరిచారు. సిస్టరు ఫారం అందుకుని భర్త ముందుకి జరిపింది. తను ముట్టుకోలేదు.

అతను కుర్చీ వైపు చూశాడు. పన్నెండేళ్ళలో ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గ్రీజు మరకలు ఇంకిపోయిన వేళ్ళతో, నిదానంగా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశాడు. 'భర్త వృత్తి' దగ్గరికొచ్చాక ఆగలేదు. లిఫ్టు మెకానిక్ అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

సెక్రటరీ గారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు.

"ఇక్కడే వచ్చింది చిక్కు," అన్నారు. "మన ఆవరణలో కాంట్రాక్టు పని చేసేవాళ్ళు మన ఆవరణలో కాపురం ఉండకూడదు. నియమావళిలో ఉంది, చూపిస్తా. నువ్వు మా లిఫ్టుల పని చేసేవాడివి..."

"ఒక్క మాటండీ," అంది సిస్టరు. "నన్ను మీరంటున్నారు. ఆయన్ని నువ్వంటున్నారు. ఇద్దరం ఒకే ఇంటివాళ్ళం. ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. ఇద్దర్నీ నువ్వన్నా నేనేమీ అనుకోను, మీరు పెద్దవారు."

సెక్రటరీ గారు చెడ్డమనిషేం కాదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అలవాటులో వచ్చిన మాటమ్మా," అని గొంతు సవరించుకున్నారు. "సరే. వీరు... వీరు మా పని చేస్తారు. రేపు పని బాగాలేదని కంపెనీకి ఫిర్యాదు చెయ్యాలంటే పక్కింటాయన మీద చేసినట్టవుతుంది. మొహమాటాలొస్తాయి. అజమాయిషీ పోతుంది. అందుకే ఆ నియమం."

సిస్టరు బుర్ర చకచకా పనిచేసింది. "అయితే ఈ ఒక్క భవనం పని కంపెనీలో ఇంకొకరికి అప్పగిస్తారు లెండి. ఆయన..."

"మానను."

ఇద్దరూ అటు తిరిగారు. మెకానిక్ గొంతు పెంచలేదు. బల్ల మీది నక్షా వైపు చూస్తూ అన్నాడు. "పనీ మానను. ఇల్లూ మానను."

"ఏమండీ..."

"నువ్వుండు. ఇందాకట్నుంచి నా తరఫున నువ్వే మాట్లాడుతున్నావు." అతను సెక్రటరీ గారి వైపు తిరిగాడు. "అయ్యా, మీ రెండు లిఫ్టుల్లో ఏ శబ్దం ఎందుకొస్తుందో నాకు నిద్రలో లేపి అడిగినా చెప్తా. ఇన్నేళ్ళలో ఒక్కరికీ దెబ్బ తగలనియ్యలేదు. మీ మనవలు ఎక్కే లిఫ్టు కాబట్టి జాగ్రత్తగా చూశా. ఇప్పుడు నా కూతురూ ఎక్కుతుంది. ఇంకా జాగ్రత్తగా చూస్తా. ఇందులో మీకు నష్టమేంటో నాకు తెలియట్లేదు. పని బాగాలేకపోతే ఫిర్యాదు చెయ్యండి. మొహమాటపడకండి. తలుపు కొట్టి మరీ చెప్పండి."

సెక్రటరీ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అది నేనొక్కణ్ణి తేల్చేది కాదు," అన్నారు. "ఆదివారం సాయంత్రం అందరి మీటింగుంది. అక్కడ పెడతాను. అప్పటి దాకా..." కిటికీలోంచి లారీ వైపు చూశారు. గువ్వ నానమ్మ మెడ మీద తడిగుడ్డ ఒత్తుతోంది. "ముందు ఆ పెద్దావిణ్ణి లోపలికి తీసుకురండి."

గేటు తెరుచుకుంది. సామాను వెనకనుంచి సర్వీసు లిఫ్టులో పోయింది. మనుషులు ముందునుంచి వెళ్ళారు. అత్తగారు కోడలి భుజం మీద చెయ్యి వేసి, కాళ్ళు తడబడుతున్నా తల ఎత్తుకునే నడిచింది. వాచ్‌మన్ మెకానిక్‌ని చూసి నోరు తెరిచి, ఏమనాలో తోచక సెల్యూట్ కొట్టాడు.

"ఏంట్రా ఇది?" అన్నాడు మెకానిక్.

"ఏమో అన్నా. చెయ్యి లేచిపోయింది."

లిఫ్టు మూడో అంతస్తు దాటుతుంటే కీచుమంది. మెకానిక్ చెవి అటు వాలింది.

"ఈవేళ సెలవు," అంది సిస్టరు.

గువ్వ తండ్రి చొక్కా అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అతను మాత్రం దాని చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు.

ఫ్లాటులో కిటికీ నిండా చెట్టుకొమ్మే. అత్తగారిని గచ్చు మీద పడుకోబెట్టి, ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను వేశారు. గంట గడిచేసరికి నాడి దారిలో పడింది. నుదుటి మీద మళ్ళీ చెమట పుట్టింది. అది చూశాక గానీ సిస్టరు కూర్చోలేదు.

అత్తగారు అరచేత్తో నేల తడిమింది. "ఈ నేల కూడా చల్లగానే ఉందే! మన పాతింటి నేల మీద నీళ్ళు కాచుకునేవాళ్ళం." ఆ మాట అంటూ అంటూనే నిద్రలోకి జారింది.

సాయంత్రం ఐదింటికి బెల్లు మోగింది.

సిస్టరు తలుపు తీసింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టు, చేతిలో ఒక కాగితం.

"మూడో అంతస్తులో ఉంటాను. కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. లోపలికి రావచ్చా?"

వచ్చింది. కట్టలు కట్టలుగా పడి ఉన్న సామాను మధ్య నిలబడింది. వచ్చిన పని దాచలేదు.

"ఇది మీకు చూపించాలని తెచ్చాను. మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరుగుతోంది. కాంట్రాక్టు పనివాళ్ళ నియమం పేరు చెప్పి, ఈ ఫ్లాటుకి వేరే కుటుంబాన్ని పంపమని ఆస్పత్రికి రాస్తున్నారు. ఇప్పటికి పదకొండు సంతకాలు పడ్డాయి. పన్నెండోది నాది. ఇంకా పెట్టలేదు."

సిస్టరు కాగితం అందుకోలేదు. "పెట్టేముందు మమ్మల్ని చూసి పోదామని వచ్చారా?"

"మిమ్మల్ని కాదు. ఆయన్ని."

పక్కగదిలో మంచం బిగిస్తున్న మెకానిక్ స్పానరుతోనే బయటికి వచ్చాడు. లెక్కల మేడమ్ అతన్ని ఎగాదిగా చూసింది.

"నీ మొహం నేనెప్పుడూ చూడలేదు. గొంతే తెలుసు," అంది. "పోయినేడు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. చీకట్లో ఒక్కదాన్నే. నువ్వు పైనుంచి మాట్లాడుతూనే ఉన్నావు. యాభై నిమిషాలు. తలుపు తీశాక వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాను."

"అవునండీ."

"ఆవేళ నేనేమేం మాట్లాడానో గుర్తుందా?"

"ఆ గోలలో ఏం గుర్తుంటుందమ్మా..." అని అతను నవ్వబోయాడు. గువ్వ తల ఒక పక్కకి వంచి తననే చూస్తోంది. నవ్వు ఆపేశాడు.

"గుర్తుందండీ," అన్నాడు. "అంతా గుర్తుంది. మీ చెల్లెలు గారి సంగతి కూడా."

"ఎవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలేదు."

"ఇంట్లో?"

సిస్టరు భర్త మొహంలోకి చూసింది. పోయినేడు ఒకరోజు పొద్దుపోయి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయాడు. ఏమైందంటే లిఫ్టు ఇరుక్కుందన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

"ఆవిడక్కూడా చెప్పలేదండీ."

"నమ్ముతాను," అంది లెక్కల మేడమ్. "నమ్మినంత మాత్రాన నా బాధ తీరదు. నువ్విక్కడే ఉంటే పొద్దునా సాయంత్రం ఎదురుపడతావు. ఎదురుపడ్డప్పుడల్లా ఆ మాటలు నాకు గుర్తొస్తాయి. చనిపోతాననుకుని అన్న మాటలవి. బతికి వచ్చాను. వాళ్ళ నియమాలు నాకు లెక్కలేదు. ఈ సంతకం పెడితే నాకు మాత్రం ప్రాణం సుఖపడుతుంది. ఇది న్యాయం కాదని తెలుసు. తెలిసే అడగడానికి వచ్చాను. నా స్థానంలో ఉంటే మీరేం చేస్తారు?"

మాటల సవ్వడికి అత్తగారు లేచి కూర్చుంది.

"నిలబడే మాట్లాడుతున్నావేమ్మా? కుర్చీలింకా కట్లు విప్పలేదు. ఈ పరుపు మీద కూచో."

లెక్కల మేడమ్ ఒక్క క్షణం తటపటాయించి, చుట్టిన పరుపు అంచున కూర్చుంది. కాగితం మోకాలి మీద పరిచింది. కింద పిల్లలు బంతి ఆడుతున్న కేకలు వినిపిస్తున్నాయి. ఆవిడ ఆ పదకొండు సంతకాల వైపూ చూసింది, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలావిడ వైపూ చూసింది. ఎంతసేపు చూసిందో.

"మీ దగ్గర పెన్నుందా?" అంది.

గువ్వ వెళ్ళి తండ్రి వెనకాల నిలబడింది. మెకానిక్ చేతిలో స్పానరు బిగుసుకుంది.

సిస్టరు వెళ్ళి తన సంచిలోంచి పెన్ను తీసింది. తెచ్చి, ఆవిడ చేతిలో పెట్టింది.

"తీసుకోండి. మీకేది తోస్తే అది చెయ్యండి. ఆదివారం మీటింగుకి మాత్రం మేం నలుగురం వస్తాం. ఈలోపల నాకు వంటిల్లు సర్దుకునే పనుంది."

వంగి, గిన్నెల మూట ముడి పట్టుకుని లాగింది. గట్టిముడి. పళ్ళతో పట్టి విప్పింది. వెనక పెన్ను మూత తీసిన చప్పుడయింది. సిస్టరు తిరిగి చూడలేదు. ఒక్కో గిన్నే తీసి అలమరలో పెట్టసాగింది.